నగల సంస్థ పేరున్న సెంటుకు అంత డబ్బు పెట్టాలా?

హన్మకొండ అక్క:
మాఘమాసంలో మా చెల్లె పెళ్లి. తనకు బూష్రాన్ అనే ఫ్రాన్స్ నగల సంస్థ పేరున్న సెంటు కొనివ్వాలని ఉంది. 1988లో వచ్చిన పాత రకం. సీసా ఉంగరంలా ఉంటుంది, మూతకు నీలిరాయిలాంటిది పొదిగి ఉంటుంది. నారింజ పూలు, మల్లె, లిల్లీ వాసన, కాసేపటికి వనిల్లా, చందనం. మా ఆయనేమో "నగల వాళ్ల పేరు చెప్పి వాసన నీళ్లు అమ్ముతున్నారు, ఆ డబ్బుతో వెండి పట్టీలు కొను" అంటున్నారు. మీరేమంటారు?

కాజీపేట తమ్ముడు:
బావ మాటే కరెక్ట్ అక్కా. ఈ సెంట్లు నగలు చేసేవాళ్లు చేయరు. ఇంటర్‌పర్‌ఫ్యూమ్స్ అనే పారిస్ కంపెనీ 2007లో వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ అనే ఇంకో నగల సంస్థ పేరుకు, 2011లో బూష్రాన్ పేరుకు లైసెన్స్ తీసుకుంది. పేరొకరిది, తయారీ ఇంకొకరిది. పట్టీలైతే కష్టం వచ్చిననాడు కుదువ పెట్టుకోవచ్చు. సెంటు అయిపోతే ఖాళీ సీసా మిగులుతుంది.

వెండితీగ, కరీంనగర్:
తమ్ముడూ, లైసెన్స్ సంగతి నిజమే. కానీ దాన్ని మోసం అనడం నాకు నచ్చలేదు. మాది వెండి తీగతో ఫిలిగ్రీ పని చేసే ఇల్లు. మేము చేసిన వస్తువు షాపులో ఇంకొకరి పేరుతోనే అమ్ముడవుతుంది. అంతమాత్రాన పని చెడ్డదవుతుందా? వాన్ క్లీఫ్ వాళ్లు 1976లో తెచ్చిన సెంటునే చూడు. నగల సంస్థ నుంచి వచ్చిన మొదటి సెంటని దానికి 'ఫస్ట్' అనే పేరు పెట్టారు. దాన్ని కూర్చింది జాన్ క్లోద్ ఎలెనా. ఆయన కంసాలి కాదు, సెంట్లు కూర్చే మనిషి. ఎవరి పని వాళ్లు చేశారు.

నగకూ వాసనకూ సంబంధం లేదంటే అసలు ఒప్పుకోను. మా దగ్గర అత్తరుదానిలు, పన్నీరు బుడ్డిలు చేస్తారు. జుట్టంత సన్నని వెండి తీగను మెలిపెట్టి, ఆకులు పూలుగా వంచి అతుకుతారు. లోపల ఉండేది నాలుగు చుక్కల అత్తరే, అయినా పైన అంత పని ఎందుకు? పెళ్లిలో ఎదురొచ్చే మనిషికి మర్యాద అది.

అక్కా, కొనే ముందు చెల్లెను వెంట తీసుకెళ్లండి. కాగితం ముక్క మీద కాదు, మణికట్టు మీద కొట్టించండి. పైపై వాసన పావుగంటలో పోతుంది, అసలుది తర్వాత వస్తుంది. సాయంత్రం దాకా ఆగి చూడండి. ఇలాంటి వెచ్చని పూల వాసన మాఘం చలికి హాయిగా ఉంటుంది. మే నెలలో వరంగల్ ఎండకు మాత్రం ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే తల తిరుగుతుంది. పట్టుచీర మీద కొట్టొద్దు, మరక పడుతుంది. ముత్యాల దండ వేసుకున్నాక అసలే వద్దు, స్పిరిట్‌కు ముత్యం మెరుపు తగ్గుతుంది. ముందు సెంటు, అది ఆరాక నగలు.

మండిబజార్ వాసి:
నేనైతే మల్లె అత్తరు కొంటాను. స్పిరిట్ ఉండదు, చిన్న బుడ్డి చాలా రోజులు వస్తుంది. ఇంకో మాట, ఫ్రాన్స్ సెంట్లలోకి వెళ్లే మల్లె సారం తమిళనాడు తోటల నుంచి కూడా పోతుంది. మల్లెను గులాబీలా ఆవిరి పట్టి తీయరు, వేడికి వాసన పాడవుతుంది. ద్రావకంలో నానబెట్టి తీస్తారు. కిలో సారానికి వందల కిలోల పూలు కావాలి. ధర ఊరికే పెరగదు.

కాజీపేట తమ్ముడు:
పూల ఖర్చు ఒప్పుకుంటాను. కానీ సీసాకు, పేరుకు పెట్టేది కూడా అందులోనే ఉందిగా. నా ఓటు పట్టీలకే.

హన్మకొండ అక్క:
వచ్చే ఆదివారం చెల్లెను తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాం. సాయంత్రం దాకా తన చేతి మీద ఆ వాసన నిలిస్తే కొంటాను. లేదంటే తిరిగొచ్చి మండిబజార్‌లో మల్లె అత్తరు తీసుకుంటాను. వెండితీగ గారూ, దాన్ని పోయడానికి ఒక చిన్న అత్తరుదాని చేయించాలంటే ఎన్ని రోజులు పడుతుంది?