ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్య బృందం ఏడాది దాటి నిలబడాలంటే?

తణుకు కుర్రాడు:
మాది తణుకు దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి అందరం ఊరొచ్చినప్పుడు అనుకుని, అరవై దాటినవాళ్ల కోసం ఒక బృందం పెట్టాం. వారానికోసారి రామాలయం అరుగు మీద బీపీ, షుగర్ చూడటం, పొద్దున్నే కలిసి నడవటం, మోకాళ్లకు నాలుగు వ్యాయామాలు. ఉగాదికల్లా సగం మంది మానేశారు. మేం ఉద్యోగాలకు వెళ్లిపోయాక మిషన్ బీరువాలోకి, తాళం సర్పంచ్ గారి జేబులోకి చేరాయి. అడిగేది మూడే: ఊళ్లో ఎవరు నడపాలి, ఖర్చు ఎక్కడి నుంచి, ఆడవాళ్లు ఎందుకు రావడం లేదు? ఇలాంటివి నడుపుతున్నవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి కార్యదర్శి:
ముందు ఇది వినండి. ఏ ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు ఫ్రీ క్యాంపు పెడతామన్నా మీ రిజిస్టర్ మాత్రం చేతికివ్వొద్దు. మా కాలనీలో పాత కమిటీ ఇచ్చింది. బ్యానర్లు, శాలువాలు, ఫొటోలు అన్నీ అయ్యాయి. మర్నాటి నుంచి ఫోన్లు: "అంకుల్, మీ ఈసీజీలో తేడా ఉంది, వచ్చి యాంజియో చేయించుకోండి." మా ఎదురు ఫ్లాట్ పెద్దాయన టెన్షన్‌తో అన్నం ముట్టలేదు. ఇప్పుడు క్యాంపు అనే మాట వినిపిస్తే చాలు, అందరూ తలుపులేసుకుంటున్నారు.

ఆశా అక్క:
కుర్రాడుగారూ, మీలాంటివాళ్లు సంక్రాంతికి మొదలుపెట్టేవి మా ఏరియాలోనూ చూశాను. ప్రారంభానికి మమ్మల్ని పిలుస్తారు, కుర్చీలు మాతోనే వేయిస్తారు, మీరు బస్సెక్కాక "ఆశమ్మ చూసుకుంటుంది" అంటారు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ సర్వే ఫారం మేమే నింపాలి, అదే మళ్లీ యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే డాబా ఎక్కాలి. మీ రిజిస్టర్ కూడా మేమే రాయాలంటే ఎలా? మీ కుర్చీలు మీరు వేసుకోండి. బీపీ ఎక్కువున్నవాళ్ల పేర్లు మాకు చెప్పండి, క్లినిక్‌కి తీసుకెళ్లే పూచీ మాది. ఇంకోటి, ఒకటో తారీఖున పెట్టుకోకండి. పింఛను వచ్చేదాకా ఎవరూ గడప దాటరు.

సీమ పెద్దోడు:
మాది అనంతపురం వైపు. మా బృందం ఇప్పటికీ ఆగలేదు, కారణం చెప్తా రాసుకోండి. నడక అవ్వగానే వేడివేడి రాగి జావ. రోజుకో ఇంటివాళ్లు కాస్తారు. జావ కోసమైనా వస్తారు. బీపీ మిషన్ కోసం ఎవడూ పొద్దున్నే లేవడు!

రిటైర్డ్ సూపర్‌వైజర్:
మూడు దశాబ్దాలకు పైగా ఆరోగ్య శాఖ ఫీల్డ్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్పక తప్పడం లేదు. షుగర్ ఉన్నవాళ్లకు రోజూ జావ పోయడం ఆరోగ్య కార్యక్రమం కాదు. రాగులను మెత్తగా మరాడించి, పలచగా ఉడికిస్తే ఆ పిండి చాలా తొందరగా అరిగి షుగర్ గబగబా పైకెళుతుంది. "చిరుధాన్యం" అని పేరు పెట్టేస్తే సరిపోదు.

సీమ పెద్దోడు:
మా తాతలు మూడు పూటలా సంగటే తిన్నారు సార్. వాళ్లకు షుగర్ లేదు, మోకాళ్ల నొప్పులూ లేవు. మీ శాఖ పుట్టకముందు నుంచీ తింటున్నాం.

రిటైర్డ్ సూపర్‌వైజర్:
మీ తాతగారు సంగటి ముద్ద తిని మడక దున్నారు. మీ బృందంలో వాళ్లు జావ తాగి టీవీ ముందు కూర్చుంటారు. పైగా సంగటి వేరు, జావ వేరు. కాస్త చదువుకుని మాట్లాడండి.

సీమ పెద్దోడు:
చదువుకున్నవాళ్లే కదా ఏసీ గదిలో కూర్చుని మా తిండి మాన్పించి ఓట్స్ అలవాటు చేసింది. ఒక మాట అడుగుతా. షుగర్ మాత్ర మింగి, ఏమీ తినకుండా నడిస్తే ముసలాయన కళ్లు తిరిగి పడతాడా పడడా?

రిటైర్డ్ సూపర్‌వైజర్:
పడతాడు. ముఖ్యంగా గ్లైబెన్‌క్లమైడ్ లాంటి పాత మాత్రలు వాడేవాళ్లు. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబడటం. పెద్దవాళ్లలో అది షుగర్ పెరగడం కంటే ముందు ప్రాణం మీదికి తెస్తుంది. ఏదో ఒకటి తిని నడవమనే నేనూ అంటాను. జావే ఎందుకు, చిన్న గిన్నెడు ఉడికించిన శనగలు పెట్టొచ్చుగా?

సీమ పెద్దోడు:
పళ్లు లేనోళ్లకి శనగలా!

పొదుపు పద్మ:
ఇద్దరూ ఆగండి. ఎవరి దగ్గరైనా గ్లూకోమీటర్ ఉందా? జావ తాగిన రెండు గంటలకు చూసుకోండి, ఎవరి ఒంటికి ఎంత పెరుగుతుందో మిషనే చెప్తుంది. మేం జావ సగం గ్లాసు చేసి, మజ్జిగ కలిపి, బెల్లం మానేశాం.

ఇక కుర్రాడు అడిగిన ఆడవాళ్ల సంగతి. రామాలయం అరుగు మీద మగాళ్లు పేపర్ చదువుతూ కూర్చుంటారు. వాళ్ల ముందు చెయ్యి చాపి, జాకెట్ చెయ్యి పైకి లాక్కుని బీపీ చూపించుకోమంటే ఏ పెద్దావిడ వస్తుంది? పైగా పొద్దున్నే నడకంటారు. ఆ టైముకి ఆవిడ మనవడికి క్యారేజీ కడుతుంటుంది. మేం డ్వాక్రా మీటింగ్ తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, ఓ ఇంటి వసారాలో మొదలుపెట్టాం. భర్త పోయాక ఇల్లు కదలని ఆవిడ కూడా ఇప్పుడు గోడకి ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేస్తోంది, పైగా పక్కావిడను "చేతులు పట్టుకోకుండా లే" అని కసురుతోంది.

డాలస్ కొడుకు:
నా అనుభవం వేరు. మా ఊరికి ఇక్కడి నుంచి మిత్రులం కలిసి గ్లూకోమీటర్లు, బీపీ మిషన్లు పంపాం. గ్రూప్ పెట్టి రోజూ రీడింగులు ఫొటో తీసి పెట్టమన్నాం. నెలరోజులు బ్రహ్మాండంగా నడిచింది, ఆ తర్వాత అన్నీ గుడ్ మార్నింగ్ గులాబీలే. డబ్బులు సమస్య కాదండీ, నిబద్ధత లేదు.

ఆశా అక్క:
నిబద్ధత కాదు సార్, స్ట్రిప్పులు అయిపోయుంటాయి. మిషన్ ఒకసారి కొంటే చాలు, స్ట్రిప్పులు నెలనెలా కొనాలి. డబ్బా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో దాని మీదే ఉంటుంది, తేదీ దాటితే అంకె తప్పు చూపిస్తుంది. మా ఊళ్లోనూ దాతలిచ్చిన డబ్బాలు తేదీ దాటిపోయి పడున్నాయి.

డాలస్ కొడుకు:
అంటే మేం పంపింది వృథా అంటారా? సాయం చేసినవాళ్లనే తిట్టడం మనవాళ్లకు అలవాటు.

కూకట్‌పల్లి కార్యదర్శి:
తిట్టలేదండీ, లెక్క చెప్పారు. ఇంతకీ 70 నిండినవాళ్లకిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించారా మీ అమ్మగారికి? 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది.

డాలస్ కొడుకు:
అమ్మకు 74. ఆధార్‌లో 68 అని ఉంది.

పొదుపు పద్మ:
మా ఊళ్లో సగం మంది పుట్టింది జనవరి 1నే!

రిటైర్డ్ సూపర్‌వైజర్:
ఆ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా వాడే బీపీ మాత్రలకు కాదు. వాటికి ఊరి క్లినిక్, 104 బండి ఉన్నాయి. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11 నుంచే జాతీయ కార్యక్రమం ఉంది, పీహెచ్‌సీలో వారానికో రోజు వృద్ధులకు కేటాయించాలి. అడిగేవాళ్లుంటే జరుగుతుంది. పదిమంది కలిసి వెళ్లి అడగండి. బీపీ చూసేటప్పుడు కూడా, టీ తాగి నడుచుకుంటూ వచ్చినవాణ్ణి కూర్చోబెట్టిన వెంటనే పట్టీ కట్టకండి. అయిదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోవాలి, చెయ్యి బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు.

సీమ పెద్దోడు:
మాట్లాడకూడదట! మా ఊళ్లో అది అయ్యే పని కాదు.

తణుకు కుర్రాడు:
అయ్యా, ఆడవాళ్ల సంగతి పద్మగారు చెప్పారు, మూడింటి మీటింగ్ మా పిన్నితో మాట్లాడి పెట్టిస్తాను. మిగిలినవాటి మీద ఒక్కరైనా సూటిగా చెప్పండి. స్ట్రిప్పుల డబ్బులు ఎవరివి? పుస్తకం ఎవరి దగ్గర?

పొదుపు పద్మ:
డబ్బులు మీవి కాకూడదు. మేం మనిషికి నెలకు ఇరవై రూపాయలు పొదుపుతో పాటే వసూలు చేస్తాం. ఇవ్వలేనివాళ్లను అడగం. డాలస్‌గారి లాంటివాళ్లు ఇస్తే అది విడిగా బ్యాంకులో, మిషన్ పాడైతేనే తీస్తాం. పుస్తకం మారుతూ ఉంటుంది, ఏ ఇంట్లో మీటింగ్ అయితే ఆ ఇంటి కోడలు రాస్తుంది. కేరళలో మలప్పురం వైపు మంచాన పడ్డవాళ్లను చూసుకునే పాలియేటివ్ బృందాలు చూడండి. ఊరివాళ్లే కాస్త శిక్షణ తీసుకుని, వారంలో కొన్ని గంటలిస్తారు, చిన్న చిన్న చందాలతోనే నడుస్తాయి. ఒక్క మనిషి మీద ఆధారపడితే ఆ మనిషి కూతురి పురిటికి వెళ్లగానే అంతా ఆగిపోతుంది.

రిటైర్డ్ సూపర్‌వైజర్:
కోడళ్లతో రాయిస్తే అత్తగారి షుగర్ ఎంతో ఊరంతా తెలుస్తుంది. గోప్యత అనేదొకటుంది.

పొదుపు పద్మ:
మా ఊళ్లో అత్తగారే అరిచి చెప్తుంది, సార్.

ఆశా అక్క:
పేరు పక్కన అంకె వద్దు, "చూపించుకోవాలి" అని టిక్కు పెడితే చాలు. కుర్రాడుగారూ, వారం ఏదో ఖాయం చేస్తే మీ ఊరి ఆశాకి ముందే చెప్పండి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు కోడికూర వండుకుంటారు, ఎవరూ రారు.