సర్వర్ తాళం అందరికీ ఒక్కటేనా, ఎవరిది వాళ్లకేనా?

నల్లగొండ: బోర్ల నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదో ఊరూరా ఎక్కించే ఓపెన్ సోర్స్ యాప్. వాలంటీర్లు ఐదుగురు. సర్వర్‌లకు దూరం నుంచి పోయే ఎస్‌ఎస్‌హెచ్ కీ (తాళంచెవి లాంటి ఫైలు) ఒక్కటే, అదీ వాట్సాప్ గ్రూపుల ఉన్నది. ఇప్పుడు ఒకరు తప్పుకుంటున్నరు. ఆ కీ మారిస్తే సరిపోతదా, మనిషికొకటి చెయ్యాల్నా?

మిర్యాలగూడ: మనిషికొకటే చెయ్యుండ్రి. గ్రూపుల పడ్డ కీ అందరి ఫోన్లల్ల, బ్యాకప్పులల్ల ఉన్నట్టే లెక్క. ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లు ఈడీ25519 రకం కీ జత చేసుకొని, దానికి పాస్‌ఫ్రేజ్ (పొడుగు పాస్‌వర్డ్) పెట్టుకొని, జతల బయటికియ్యదగ్గ పబ్లిక్ కీ మాత్రమే పంపాలె. సర్వర్ ఎవరిని రానియ్యాల్నో చూసుకునే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ల మనిషికో లైను, చివర పేరు, నెల. రేపు ఒకరు పోతే ఒక లైను తీసేస్తే అయిపాయె. ఎవరి కీతో లోపలికొచ్చిన్రో లాగ్‌ల ఆ కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే చిన్న కోడు) కూడా పడుతది.

పాత లైను తొందరపడి తీయొద్దు. ఇంకో టెర్మినల్ తెరిచి కొత్త కీతో లోపలికి పోయి చూసినంకనే తీయాలె. ఆ ఫైలున్న ఫోల్డర్‌కు 700, ఫైలుకు 600 పర్మిషన్ పెట్టుండ్రి, అంటే ఖాతా ఓనర్‌కు తప్ప వేరేటోళ్లకు హక్కు ఉండదు. సర్వర్‌ల ఉండే యూజర్ గ్రూపుకు రాసే హక్కు ఉంటే సర్వర్ ఆ ఫైలునే పట్టించుకోదు, అందరూ బయటే ఉంటరు. లైను తీసినా అప్పటికే తెరిచున్న సెషన్ నడుస్తనే ఉంటది, దాన్ని విడిగా ఆపాలె. సర్వర్ మీద అన్ని హక్కులుండే రూట్ ఖాతాల అదే పాత కీ ఉన్నదేమో చూడుండ్రి.

పాలమూరు: సర్వర్ వరకు ఒప్పుకుంటనే అన్నా. యాప్ కొత్త వెర్షన్ మనదేనని ఫోన్‌కు రుజువు చేసే యాప్ సంతకం కీ మాత్రం ఒక్కటే ఉంటది, దాన్నేం చేస్తరు? ప్లే స్టోర్‌ల గూగుల్ దగ్గర సంతకం కీ ఉంటే, స్టోర్‌కు పంపేటప్పుడు వాడే మన అప్‌లోడ్ కీ పోయినా మార్పించుకోవచ్చు. ఏపీకే ఫైలు (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) నేరుగా పంచితే ఆ దారి లేదు. కీ పోతే కొత్త వెర్షన్ పాతదాని మీద ఎక్కదు. పాతది తీసేయమంటే, అమ్రాబాద్ అడవి దిక్కు సిగ్నల్ లేక ఫోన్‌లనే ఆగిన రీడింగులు దాంతోనే పోతయి! అందుకే సంతకం కీని కీపాస్ ఫైల్‌ల (పాస్‌వర్డ్‌తోనే తెరుసుకునే ఫైలు) దాచి, దాని పాస్‌వర్డ్‌ను షమీర్ పద్ధతిల (రహస్యాన్ని పంచే లెక్క) ఐదు ముక్కలు చేసి, మూడు కలిస్తేనే వచ్చేటట్టు పెట్టాలె.

దేవరకొండ: ఎస్సెమ్మెస్ సర్వీసును వాడుకునే రహస్య ఏపీఐ కీ, కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌ల పడితే ముందు దాన్ని రద్దు చెయ్యుండ్రి. తర్వాతి కమిట్‌ల (మార్పుల) తీసేసినా హిస్టరీల ఉంటది.

మిర్యాలగూడ: ముక్కలు బాగనే ఉన్నయి తమ్మీ, కానీ మూడు కలిపిన కంప్యూటర్ ముందు కూసున్నోళ్లకు పాస్‌వర్డ్ మొత్తం కనబడుతది. తర్వాత మార్చినా, పాత ఫైలు కాపీ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుసుకుంటది. ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌లల్లనే ఉండాలె, గూగుల్ డ్రైవ్ లాంటి ఆన్‌లైన్ డ్రైవ్‌ల వద్దు.

నల్లగొండ: తప్పుకునే మనిషి దగ్గర ఒక ముక్క ఉంటే?

పాలమూరు: ఒక్క ముక్కతో ఏమీ తెల్వదు, రెండున్నా తెల్వదు. అయినా పాస్‌వర్డ్ మార్చి, మిగిలిన నలుగురికి కొత్త ముక్కలు ఇయ్యుండ్రి.