ఫిక్సింగ్ వ్యవహారంలో నిషేధం పడిన అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు షూలెస్ జో జాక్సన్‌ని, ఆ ఆటలో మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవ స్థానమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవాలా, వద్దా?

పాతబంతి:
2025 మేలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, చనిపోయిన ఆటగాళ్లందరినీ బేస్‌బాల్ నిషేధ జాబితాలోంచి తీసేశాడు. 1951లో పోయిన జాక్సన్ పేరు ఇక 2027 డిసెంబరులో హాల్ ఎంపిక కమిటీ ముందుకు రావచ్చు. నేనైతే తీసుకోవాలనే అంటాను. కెరీర్ బ్యాటింగ్ సగటు .356, అంటే వెయ్యి ప్రయత్నాలకి 356 హిట్లు. 1911లో క్లీవ్‌లాండ్‌ తరఫున .408. ఫిక్సింగ్ జరిగిన 1919 వరల్డ్ సిరీస్‌లో (ఆ ఏటి ఛాంపియన్‌ని తేల్చే పోటీ) కూడా .375 కొట్టాడు, సిరీస్ మొత్తానికీ ఒకే ఒక్క హోమ్ రన్ ఆయనదే. ఓడిపోదామనుకున్నవాడు ఇలా ఆడతాడా?

డల్లాస్ బావ:
ఆ అంకెల్ని కాస్త విడదీసి చూడండి గురూ. మొదటి అయిదు మ్యాచుల్లో జాక్సన్ జట్టు వైట్ సాక్స్ నాలుగు ఓడింది. ఆ అయిదింటిలో జాక్సన్ బ్యాటింగ్‌తో ఒక్క రన్నూ రాలేదు. హోమ్ రన్ కొట్టింది ఎనిమిదో మ్యాచ్ మూడో ఇన్నింగ్స్‌లో, ప్రత్యర్థి సిన్సినాటి అప్పటికే 5-0తో ముందుంది. సిరీస్ చేజారిపోతుంటే కొట్టిన దెబ్బ అది!
ఇక డబ్బు సంగతి. తోటి ఆటగాడు, పిచ్చర్ లెఫ్టీ విలియమ్స్ చేతి మీదుగా 5,000 డాలర్లు ముట్టాయని 1920లో గ్రాండ్ జ్యూరీ ముందు తనే చెప్పాడు. 20,000 ఇస్తామని 5,000తో సరిపెట్టారన్నది ఆయన ఫిర్యాదు.

మిల్లు కుర్రాడు:
సౌత్ కరొలినా బట్టల మిల్లులో చిన్నప్పుడే పనికి వెళ్లి, చదవడం రాయడం రాకుండా పెరిగిన మనిషి. సొంత లాయరు కూడా లేకుండా, క్లబ్ లాయరు మాట విని జ్యూరీ ముందుకెళ్లాడు. ఆ లాయరు ఎవరి మేలు చూస్తాడో వేరే చెప్పాలా? 1921లో విచారణకొచ్చిన ఆటగాళ్లందరినీ కోర్టు వదిలేసినా, అప్పటి బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ మర్నాడే, ఫిక్సింగ్ ఆరోపణలున్న ఎనిమిది మందినీ ఆట నుంచి బయటికి నెట్టేశాడు.

డల్లాస్ బావ:
చదువు రాకపోతే నోట్లు లెక్కపెట్టడం రాదా అన్నా? కోర్టు తీర్పు వేరు, ఆటకు చేసిన ద్రోహం వేరు. మన అజారుద్దీన్ మీద 2000లో వేసిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు అంది. అయినా హైదరాబాద్ టీ కొట్టు దగ్గర ఆ వాదన ఆగిందా?
అంతగా జాలి చూపాలంటే ముందు అదే జట్టులోని బక్ వీవర్‌ని చూడండి. పైసా తీసుకోలేదు. ఫిక్సింగ్ సంగతి తెలిసీ నోరు మెదపలేదన్నదే ఆయన నేరం. ఆయనకూ అదే శిక్ష పడింది. సగటు .356 లేదు కాబట్టి ఆయన కోసం ఎవరూ గొంతు చించుకోవట్లేదు.

పాతబంతి:
వీవర్ విషయంలో నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆటగాడిగా హాల్‌కి సరిపోయే స్థాయి జాక్సన్‌ది. నా ఓటు మారలేదు.