సంగటి తినే మనిషికి ఓట్స్ చార్టు: పిల్లలకు ఎలా నేర్పాలి?

డైట్ టీచర్, బెంగళూరు:
డైటెటిక్స్ చివరి ఏడాది పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆసుపత్రి పోస్టింగ్‌లో ఒకమ్మాయి, కట్టడం పనికి వచ్చిన అనంతపురం ఆయనకు షుగర్ చార్టు రాసింది. పొద్దున ఓట్స్, పదకొండింటికి గ్రీన్ టీ, సాయంత్రం మొలకల సలాడ్. ఆయన "సరేమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉండేది షెడ్డులో, నలుగురికీ ఒకటే స్టవ్వు, తినేది సంగటి, ఊరిబిండి. ఏ మతంవాళ్లు, ఏ ఊరివాళ్లు ఏం తింటారో పట్టికలా చెబితే పిల్లలు బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. ఇంకెలా చెప్పాలండీ?

క్లినిక్ అక్క, శివాజీనగర్:
పట్టిక వద్దు మేడమ్. 1998లో అమెరికా డాక్టర్లు మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా కల్చరల్ హ్యుమిలిటీ (ఎదుటివాళ్ల సంస్కృతి పట్ల వినయం) గురించి రాసింది కూడా అదే: ఎదుటివాళ్ల సంస్కృతి మొత్తం నేర్చేసుకున్నాం అనుకోవద్దు, మనల్ని మనం చూసుకుంటూనే ఉండాలి, డాక్టరుది పైచేయి అన్న తేడా తగ్గాలి అని. నేనైతే 24 గంటల రికాల్ (గడిచిన రోజంతా తిన్నదీ తాగిందీ పేషెంటు చేత చెప్పించడం) దగ్గరే మొదలుపెడతాను. "టిఫిన్ ఏం తిన్నారు?" అని అడగనివ్వను. టిఫినే లేని ఇళ్లు బోలెడు. "నిన్న లేచాక మొదట ఏం నోట్లో వేసుకున్నారు?" అనాలి. వంట ఎవరిది, సరుకులు కొనేదెవరు అన్నది తర్వాత.

వైట్‌ఫీల్డ్ బాబాయ్:
మర్యాద సరే, షుగర్ తగ్గాలి కదా! సంగటి ఎంతైనా తినొచ్చా?

డైట్ టీచర్:
తినకూడదు బాబాయ్ గారూ. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని ఎన్‌ఐఎన్ (హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ) 2017 పట్టికలు చెబుతాయి, కానీ పిండిపదార్థం కూడా దండిగానే ఉంటుంది. పైగా మన సంగటిలో బియ్యం కలుస్తుంది. ముద్ద చిన్నది చేసి పప్పు, ఆకుకూర పెంచమంటాను. సంగటి మానేయమంటే మాత్రం ఆయన మళ్లీ మా ముఖం చూడడు.

గుంటూరు అమ్మాయి, మారతహళ్లి:
మా నాన్న కిడ్నీ పేషెంట్. ప్రోటీన్ లెక్కకి వచ్చిన ట్రైనీ "చికెనా, మటనా?" అని రెండే అడిగింది. మా ఇంట్లో పెద్దకూర. నాన్న ఆమె ముఖం ఒకసారి చూసి "చికెన్, ఎప్పుడైనా" అన్నారు. లెక్క అక్కడే తప్పింది. అది ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదు.

డైట్ టీచర్:
ఇది క్లాసులో చెబుతాను, మీ ఊరు చెప్పను. కేసు షీటులో వెజ్, నాన్‌వెజ్ గడులు తీసేసి ఖాళీ గీత పెడుతున్నాను. మార్కులు ఎలా వేయాలో తోచడం లేదు.

క్లినిక్ అక్క:
చార్టుకు తక్కువ వేసి రికాల్ షీటుకు ఎక్కువ వేయండి. పేషెంటు తన నోటితో చెప్పిన వంట పేరు రాస్తేనే మార్కు.