పాత మాసీ 1035 ట్రాక్టరుకు క్లచ్ మార్చడం: విప్పకముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (మొయినాబాద్ రైతు)

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు శివారులోని మొయినాబాద్. మా నాన్నగారు 1984లో కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ఇప్పటికీ మా పొలంలో పని చేస్తూనే ఉంది. కూరగాయల మడులు దున్నడానికి, ఎరువు తోలడానికి, ఎండాకాలంలో పి.టి.ఓ.కు (ఇంజన్ శక్తిని బయటి యంత్రాలకు అందించే వెనుక షాఫ్టుకు) నీటి పంపు తగిలించడానికి దాన్నే వాడుతున్నాము. కొంతకాలంగా నిండు ట్రాలీతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది గానీ బండి అంతగా కదలడం లేదు. వెంటనే మాడిన వాసన కూడా వస్తోంది. పంపు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. ఒక మెకానిక్ చూసి క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. మరొకరు పెడల్ సరిచేస్తే చాలన్నారు. బండిని మధ్యకు విప్పడమంటే, అంటే ఇంజన్‌ను గేర్ బాక్స్ నుంచి వేరు చేయడమంటే, చిన్న పని కాదు కాబట్టి, విప్పకముందే తేల్చుకోవలసినవి, విప్పిన తర్వాత ఒకేసారి మార్చుకోవలసినవి అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. ఈ బండిని అమ్మే ఉద్దేశం మాకు లేదు; మరో తరం నడవాలన్నదే కోరిక.

సమాధానం 1 (బాలానగర్ లేత్ పనివారు)

నమస్కారం అండీ. పంపు బాగానే నడుస్తోందని మీరు రాసిన ఒక్క మాటే సగం సంగతి చెబుతోంది. 1035 బండ్లలో క్లచ్‌కు ఒకే ప్లేటు ఉన్నవీ, రెండు ప్లేట్లు ఉన్నవీ తిరుగుతున్నాయి. పెడల్ సగం వరకు తొక్కినప్పుడు బండి ఆగి పంపు తిరుగుతూ ఉండి, పూర్తిగా తొక్కినప్పుడు పంపు కూడా ఆగితే మీది రెండు ప్లేట్ల క్లచ్. అందులో ఇంజన్ వైపు ఉండే పెద్ద ప్లేటు చక్రాలకు, వెనుక ఉండే చిన్న ప్లేటు పి.టి.ఓ.కు శక్తినిస్తాయి. కాబట్టి మీ బండిలో అరిగింది బహుశా పెద్ద ప్లేటే.

అయితే విప్పడానికి ముందు పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. పైభాగంలో కొంత దూరం ఏ బరువూ తగలకుండా వదులుగా దిగి, ఆ తర్వాతే గట్టిదనం మొదలవ్వాలి. ప్లేటు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గిపోతుంది, ఎందుకంటే క్లచ్ వేళ్ళు (ప్లేటు పట్టును విడిపించే చిన్న మీటలు) రిలీజ్ బేరింగు (పెడల్ తొక్కినప్పుడు వాటిని నొక్కే బేరింగు) వైపు జరుగుతూ వస్తాయి. వదులు పూర్తిగా పోయిన బండిలో కాలు తీసేసినా బేరింగు వేళ్ళను నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు మంచి ప్లేటు కూడా జారుతుంది. అలాంటి చోట పెడల్‌ను క్లచ్‌కు కలిపే లింకు సరిచేయగానే బండి దారికి వస్తుంది, కొంతకాలం పని గడుస్తుంది. వదులు సరిగ్గా ఉండి కూడా జారుతుంటే మాత్రం లోపలికి వెళ్ళక తప్పదు.

ఇంకొకటి, క్లచ్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే పెట్టె) అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. ఆ పిన్ను చివర చూడండి. పొడిగా ఉంటే మంచిదే. నూనె ఉంటే కొంచెం వేలికి రాసుకుని వెలుతురులో చూడండి: నల్లగా పలచగా ఉంటే ఇంజన్ వెనుక సీల్ నుంచి, నలుపు లేకుండా చిక్కగా, గేర్ ఆయిల్ వాసనతో ఉంటే గేర్ బాక్స్ ముందు సీల్ నుంచి వస్తోందని అర్థం. నూనె తాగిన ప్లేటును ఎంత తుడిచినా మళ్ళీ పట్టదు. సీల్ మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ త్వరలోనే పాడవుతుంది.

సమాధానం 2 (ఘట్‌కేసర్ మెకానిక్)

పై వారు చెప్పినదంతా సరైనదే. విప్పే పని గురించి నేను రాస్తాను, ఎందుకంటే ప్రాణాపాయం ఉన్నది అక్కడే.

బండిని తప్పనిసరిగా చదునైన సిమెంటు నేల మీదే నిలపాలి. మట్టి మీద జాకీ ఒరిగిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీదే ఊగుతుంది కాబట్టి, ఇంజన్ భాగం వేరైన క్షణంలో పక్కకు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే యాక్సిల్‌కూ దాని పైనున్న బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా గట్టి చెక్క ముక్కలు బిగించి దిగ్గొట్టాలి. వెనుక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, గేర్ బాక్స్ కింద బలమైన స్టాండు నిలిపిన తర్వాతే హౌసింగ్ బోల్టుల జోలికి వెళ్ళాలి. అంతకుముందే బ్యాటరీ తీగలు, బానెట్, ఇంధన ట్యాంకుకు సంబంధించిన పైపులు, యాక్సిలరేటర్ రాడ్డు, మీటరు కేబులు, స్టీరింగ్ రాడ్లు విప్పుకోవాలి. ప్రతి తీగకూ రంగు గుడ్డ పీలిక కట్టి, తీసే ముందు ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు తడుముకోవలసిన పని ఉండదు.

విప్పగానే గాలి గొట్టంతో దుమ్ము ఊదవద్దు. పాత లైనింగుల్లో (ప్లేటు మీద రాపిడితో పట్టునిచ్చే పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. ముక్కుకు గుడ్డ మాత్రమే కట్టుకోకుండా మంచి మాస్కు పెట్టుకుని, నీళ్ళు చల్లి తడిగుడ్డతో తీయండి. క్లచ్ సెట్టును మీరే విప్పవలసి వస్తే, లోపలి స్ప్రింగులు బలమైనవని మరచిపోవద్దు. ప్రెస్ కింద గానీ, పొడవైన బోల్టులతో గానీ వాటి బలాన్ని నెమ్మదిగా వదలాలి. ఇది తెలిసినవారి చేతే చేయించండి. వేళ్ళ ఎత్తు సరిచేయడం కూడా వారికే అప్పగించండి, అవన్నీ ఒకే ఎత్తులో లేకపోతే బండి అదురుతూ కదులుతుంది.

తిరిగి కలిపేటప్పుడే చాలా బండ్లు పాడవుతాయి. రెండు ప్లేట్లూ సరిగ్గా మధ్యలో ఉండేలా అలైన్‌మెంట్ రాడ్డుతో పట్టి బిగించాలి. తర్వాత గేరులో వేసి ఫ్లైవీల్‌ను (ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రాన్ని) మెల్లగా తిప్పుతూ, పి.టి.ఓ. షాఫ్టును వెనుక నుంచి చేత్తో తిప్పుతూ, షాఫ్టుల పళ్ళు ప్లేట్ల పళ్ళలో వాటంతట అవే కూర్చునే వరకు ఓపిక పట్టండి. సందు ఉండగానే బోల్టులతో లాగి దగ్గరకు తెస్తే కొత్త ప్లేటు హబ్ (పళ్ళుండే మధ్యభాగం) అక్కడికక్కడే వంగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బాలానగర్ వారు చెప్పినట్లే చూశాను. సగం పెడల్‌కు బండి ఆగింది, పంపు తిరుగుతూనే ఉంది. పెడల్ వదులు తగినంత ఉంది, అయినా జారుతోంది. స్ప్లిట్ పిన్ను చివర నల్లటి నూనె చుక్క నిలిచి ఉంది. తుడిచి, ఇంజన్ కాసేపు తిప్పి చూస్తే మళ్ళీ చేరింది. ఇక విప్పడానికే నిశ్చయించుకున్నాను. పాత ప్లేటుకే లైనింగ్ వేయించవచ్చా, కొత్తది కొనాలా?

సమాధానం 3 (బాలానగర్ లేత్ పనివారు)

నల్లటి నూనె అయితే క్రాంక్ షాఫ్ట్ వెనుక సీల్ నుంచే వస్తోంది. ఈ పాత మూడు సిలిండర్ల ఇంజన్లలో అది తాడు రకం సీల్. దాన్ని ముందుగా నూనెలో నానబెట్టి, గాడిలో సమంగా నొక్కి కూర్చోబెట్టి, చివరలు మాన్యువల్‌లో చెప్పిన కొలతకే వదలాలి. ఇంజన్ సీల్ పని తెలిసినవారిని ఆ రోజుకు పిలిపించుకోండి. ఖర్చు కొంత పెరిగినా తప్పదు.

లైనింగ్ సంగతికి వస్తే, హబ్ పళ్ళు అరగకుండా, మధ్య స్ప్రింగులు వదులు కాకుండా ఉన్న ప్లేటుకు మంచి లైనింగ్ వేయించడం తప్పేమీ కాదు. కానీ మీ ప్లేటు నూనె తాగింది, పైగా మాడిన వాసన వచ్చింది. నేనైతే పెద్ద ప్లేటు కొత్తదే వేస్తాను. చిన్న ప్లేటును చూసి, రివెట్ల తలలకు పైన లైనింగ్ మందంగా ఉంటే ఉంచుతాను. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నటి వేడి చీలికలు ఉంటే లేత్ మీద పలచగా తీయించాలి. చీలిక లోతుగా దిగితే మాత్రం దాన్ని వాడవద్దు. రిలీజ్ బేరింగు, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న పైలట్ బేరింగు, గేర్ బాక్స్ ముందు సీల్ పాతవి బాగున్నట్లు కనిపించినా మార్చండి. వాటి ధర, బండిని మళ్ళీ విప్పే కూలితో పోలిస్తే లెక్కలోకి రాదు. రాణిగంజ్‌కు సామాన్లు తేవడానికి వెళ్ళేటప్పుడు పాత ప్లేట్లు రెండూ వెంట తీసుకెళ్ళి, పళ్ళు లెక్కపెట్టి, వ్యాసం కలిపి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. 1035 అని చెప్పినంత మాత్రాన సరైనదే ఇస్తారని అనుకోవద్దు.

బిగించిన తర్వాత మొదట్లో తేలికపాటి పనే చేయించండి, నిండు ట్రాలీ కట్టవద్దు. ప్లేటు సర్దుకున్నాక పెడల్ వదులు మరోసారి చూసి లింకు సరిచేయండి. నడిపేవారు కాలు పెడల్ మీద ఆనించి ఉంచే అలవాటు ఉన్నవారైతే, వారితో ముందే మాట్లాడండి.