ఇంటి వెనుక చెక్క అరుగు: బేరర్లకు జాయిస్టులు ఎలా బిగించాలి?

గాజువాక నుంచి బ్రిస్బేన్ వచ్చిన కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. రెడ్‌క్లిఫ్‌లో సముద్రానికి దగ్గరగా పాత ఇల్లు కొన్నాం. సంక్రాంతికి అమ్మానాన్న వస్తున్నారు. సాయంత్రం పూట వాళ్లు కూర్చోవడానికి వెనుక తలుపు బయట చిన్న డెక్, అంటే చెక్క అరుగు, నేనే వేద్దామనుకుంటున్నాను. పొడవు మూడు మీటర్లు, వెడల్పు రెండున్నర. పైభాగం నేల నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద బరువు మోసే పెద్ద దూలాలైన బేరర్లకు 140×45, వాటికి అడ్డంగా వచ్చి పలకలను మోసే చిన్న దూలాలైన జాయిస్టులకు 90×45 మిల్లీమీటర్ల కలప చూశాను. జాయిస్టును బేరర్ మీద పెట్టి వాలుగా మేకులు కొడితే చాలని ఒకరు, ఇనుప బ్రాకెట్లు తప్పనిసరని మరొకరు చెబుతున్నారు. మన ఊళ్లో శ్లాబు పని చూశాను కానీ ఇది కొత్త. కాస్త చెప్పగలరా?

ఎం.వి.పి. కాలనీ నుంచి, బ్రిస్బేన్‌లో ఇళ్ల నిర్మాణంలో పనిచేసి తిరిగొచ్చిన అక్క:

తమ్ముడూ, మేకుల సంగతి తర్వాత, ముందు ఒక లెక్క చూడు. బేరర్ 140, దాని మీద జాయిస్టు 90, ఆపైన పలక 22. మొత్తం 252. నీకున్నది 300. బేరర్ అడుగుకూ మట్టికీ మధ్య 48 మిల్లీమీటర్లే మిగులుతుంది. గాలి ఆడదు, వాన పడితే తడి ఆరదు, చెదలు పట్టినా కంటికి కనిపించదు. అందుకని జాయిస్టులను బేరర్ల మీద కాకుండా బేరర్ల మధ్యన, పైఅంచులన్నీ ఒకే మట్టంలో ఉండేలా బిగించు. అప్పుడు 140, 22 కలిసి 162. కింద 138 ఖాళీ దొరుకుతుంది.

అయితే ఇక్కడ బరువు దిగే దారి మారిపోతుంది. జాయిస్టు బేరర్ మీద కూర్చుంటే బరువు చెక్క నుంచి చెక్కకు నేరుగా దిగుతుంది. పక్కకు జరగకుండా, పైకి లేవకుండా పట్టుకోవడమే మేకు పని. మధ్యలో వేలాడదీస్తే మీ అమ్మానాన్నల బరువు, కుర్చీల బరువు అంతా మేకుల మీదే పడుతుంది. కాబట్టి వాలు మేకులతో సరిపెట్టవద్దు. బేరర్ వెనుక నుంచి జాయిస్టు కొసలోకి కొట్టిన మేకునూ నమ్మవద్దు. చెక్క నార వెంబడి దిగిన మేకుకు పట్టు చాలా తక్కువ. జాయిస్టు కొసను కింద నుంచి పట్టి బేరర్‌కు బిగించే లోహపు బ్రాకెట్లు, జాయిస్టు హ్యాంగర్లని దొరుకుతాయి, అవే వాడు.

వాటిని బిగించే పద్ధతి ఇది. జాయిస్టు రెండు కొసల దగ్గర, పైఅంచు మీద ఒక్కో చెక్కముక్కను సగం బయటికి పొడుచుకొచ్చేలా తాత్కాలికంగా స్క్రూతో బిగించు. జాయిస్టును బేరర్ల మధ్యకు దించితే ఆ ముక్కలు బేరర్ల మీద ఆగి దాన్ని వేలాడదీస్తాయి, పైమట్టం దానంతటదే కుదురుతుంది. అప్పుడు హ్యాంగర్‌ను కింద నుంచి బిగుతుగా నెట్టి పట్టుకుని మేకులు కొట్టు. ఒకే కొలత అని అమ్మిన కలపలో కూడా ముక్కకూ ముక్కకూ కాస్త తేడా ఉంటుంది. హ్యాంగర్లన్నీ ముందే గీత మీద కొట్టేస్తే ఆ తేడా అంతా పైకి వచ్చి పలకలు ఎగుడుదిగుడవుతాయి. జాయిస్టు కొస బేరర్‌ను తాకాలి, అడుగు హ్యాంగర్‌లో పూర్తిగా ఆనాలి. లేకపోతే నడిచినప్పుడల్లా కిర్రుమంటుంది.

మేకులు హ్యాంగర్ల కోసం చేసినవే కావాలి: పొట్టిగా, లావుగా, 35 మిల్లీమీటర్ల పొడవు, 3.15 మందం. తయారీదారు చెప్పిన ప్రతి బెజ్జంలోనూ పడాలి. ఇంట్లో మిగిలిన ప్లాస్టర్‌బోర్డు స్క్రూలు మాత్రం వద్దు. అవి పెళుసు, తల ఊడిపోతుంది.

పైగా నీది సముద్రపు ఒడ్డు. మన విశాఖ బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూసినవాడికి ఉప్పుగాలి గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెదలు పట్టకుండా కలపకు ఎక్కించే రాగి మందు కూడా జింకు పూతను తినేస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకో. హ్యాంగర్, మేకు రెండూ అదే కావాలి. జింకు పూత హ్యాంగర్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు మేకు కొడితే హ్యాంగరే ముందు పోతుంది.

పెదవాల్తేరు నుంచి, ప్రస్తుతం ఆక్లాండ్‌లో ఉన్న అన్నయ్య:

అక్క చెప్పింది సరైనదే. డెక్‌కు ఇంకా ఎత్తు దొరికేవాళ్ల కోసం ఒక మాట. బేరర్ మీద పెట్టే పద్ధతిలో ఇక్కడ ఒక్కో జాయిస్టుకు 100 మిల్లీమీటర్ల మేకులు రెండు, చెరో పక్క నుంచి వాలుగా కొడతాం. కొస దగ్గరైతే ముందు సన్నని బెజ్జం వేయాలి, లేకపోతే చెక్క చీలుతుంది. జాయిస్టుకు వంపు ఉంటే ఉబ్బిన వైపు పైకి పెట్టండి. కలప హెచ్3 రకం, అంటే బయట వాడకానికి మందు ఎక్కించినది, తీసుకోండి. కోసిన ప్రతి కొసకూ మళ్లీ మందు పూయాలి, ఎందుకంటే లోపలి చెక్కకు మందు అందకపోవచ్చు.

కొత్త సభ్యుడు:

ధన్యవాదాలు అక్కా, అన్నయ్యా. లెక్క చూసుకున్నాక భయమేసింది, చెప్పి మంచి పని చేశారు. ఇంకో సందేహం. బేరర్‌ను ఇంటి గోడకే బిగించవచ్చా? తర్వాత పైన రేకుల కప్పు వేయవచ్చా?

ఎం.వి.పి. కాలనీ అక్క:

గోడకు వద్దు. డెక్ తన కాళ్ల మీద తాను నిలబడాలి. గోడకూ దానికీ మధ్య ఖాళీ వదిలితే చెదలు ఎక్కుతున్నాయేమో చూసుకోవచ్చు, గోడ తడీ ఆరుతుంది. స్తంభాలకు గుంతలు తవ్వేముందు బిఫోర్ యూ డిగ్ ఆస్ట్రేలియా అనే సేవలో అడుగు, భూమిలో పోయే తీగల, గొట్టాల పటాలు ఉచితంగా పంపుతారు.

కప్పు విషయం పూర్తిగా వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గాలి రేకులను ఎలా లేపిందో నీకూ తెలిసే ఉంటుంది. ఆ లాగుడు కప్పు నుంచి స్తంభాల గుండా పునాది వరకు దిగుతుంది. ఇప్పుడు వేసే చిన్న గుంతలు దానికి చాలకపోవచ్చు. కప్పు వేసే ఆలోచన నిజంగా ఉంటే ఇప్పుడే మీ స్థానిక కౌన్సిల్‌ను (అక్కడి మున్సిపాలిటీని) అడిగి, ఇంజినీరుతో పునాది కొలతలు రాయించుకో. ఆ కాగితం చేతికొచ్చాకే గుంతలు తవ్వు.