బాధలో ఉన్నవాళ్ల కూడికకు ఏ వాక్యభాగాలు, ఏ వరసలో?

గురువారం కూడిక అడిగినది:

అందరికీ వందనాలు. సంఘంలో ఎనిమిది మందితో ఆరు వారాల చిన్న కూడిక పెట్టాలి. ముగ్గురు ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. ఇద్దరికి ఏళ్ల తరబడి తగ్గని నొప్పులు. ఒకరిది విడాకులు. మిగిలిన ఇద్దరూ మంచంలో ఉన్న రోగిని చూసుకుంటున్నవాళ్లు. మామూలు బైబిలు స్టడీలాగా నడిపితే ఏమవుతుందో తెలిసిందే. వాక్యం చదువుతాం, "దేవుడు మంచివాడు" అంటాం, అందరూ తలూపి ఆమేన్ అంటారు, ఎవరి బరువు వాళ్లు మళ్లీ ఇంటికి మోసుకుపోతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతసేపు? ఏ వచనాలు జాగ్రత్తగా వాడాలి? "నాకెందుకు స్వస్థత రాలేదు" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా రాయండి. "ప్రార్థన చేయండి" అని మాత్రం వద్దు, అది చేస్తూనే ఉన్నాం.

కోరహు కుమార్తె:

నిరీక్షణతో మొదలుపెట్టకండి. బైబిలే అలా మొదలుపెట్టదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే, మనం మాత్రం స్తుతి కీర్తనలు ఏరుకుని చదువుకుంటాం.

మొదటి వారానికి కీర్తన 13 చాలు. ఆరే వచనాలు. నొప్పితో కూర్చున్న మనిషికి పది వచనాలు దాటితే చెవికెక్కవు. మొదటి రెండు వచనాల్లో "ఎంతకాలం" అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది: రెండు నేరుగా దేవుని మీదికి, ఒకటి తన మనసు గురించి, ఒకటి శత్రువు గురించి. 3, 4 వచనాల్లో అడగడం. 5వ వచనం "నేనైతే" అని మలుపు తిరుగుతుంది. 4కీ 5కీ మధ్య పరిస్థితి మారిందన్న మాట ఒక్కటీ లేదు. శత్రువు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. గుంపు ఈ సంగతి గమనిస్తే మొదటి వారం పని అయిపోయినట్టే.

గంటంబావు మించకండి. పలకరింపులకు పది నిమిషాలు. కీర్తన రెండుసార్లు గట్టిగా చదవాలి, ఒక్కోసారి ఒక్కో గొంతు, నడుమ రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఎవరిది వాళ్లు రాసుకోవడం. నాలుగు వాక్యాలు చాలు: దేవుణ్ణి పిలవడం, ఫిర్యాదు, అడిగేది, "నేనైతే". నాలుగోది రాకపోతే ఖాళీగా వదిలేయమనండి. మిగతా సమయం చదివి వినిపించడానికి. ఇష్టమైనవాళ్లే చదవాలి.

ఇక్కడే చాలాసార్లు బెడిసికొడుతుంది. మనవాళ్లకు ప్రార్థన భాష బాగా అలవాటు కదా, "ప్రభువా, బాధల్లో ఉన్న ప్రతి ఒక్కరినీ ఆదరించు" అని రాసేస్తారు. అందులో రాసినవాళ్లు లేరు. ఇలా ఉండాలి:

"దేవా, రాత్రి మూడింటికి నడుం నొప్పితో లేస్తాను. ఇల్లంతా నిద్రపోతుంటుంది. నువ్వూ నిద్రపోతున్నట్టే ఉంది. ఈ ఒక్క రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా పడుకోనివ్వు."

వేళ ఉంది, చోటు ఉంది, అడిగింది ఎంతో ఉంది. "దేవుడు నిద్రపోడండి, కీర్తన 121 చూడండి" అని ఎవరో ఒకరు దిద్దబోతారు. "ప్రభువా, నీవేల నిద్రించుచున్నావు" అని కీర్తన 44:23 కూడా అడిగిందని అప్పుడు చూపించండి. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఒకరు చదివాక మిగతావాళ్లు అనాల్సింది ఒక్క మాటే: "విన్నాం." సలహా, వచనం, "మా వాళ్లకూ ఇలాగే" అన్నవేవీ వద్దు. మొదటి రోజే ఈ కట్టుబాటు పెట్టుకోకపోతే తర్వాత పెట్టడం కష్టం.

వరస ఇలా అనుకోవచ్చు: రెండో వారం యోబు 2:11-13తో పాటు 3వ అధ్యాయం, మూడో వారం కీర్తన 88, నాలుగు విలాపవాక్యములు 3, ఐదు రోమా 8:18-27, ఆరు యోహాను 20:24-29. చివరిదాన్ని పునరుత్థాన సందేశంలా చెప్పేసి వదలకండి. తిరిగి లేచిన దేహంలో కూడా గాయాల గుర్తులు పోలేదు, నమ్మలేకపోయిన శిష్యుడు తోమాకు చూపించినవి అవే. తగ్గని నొప్పి ఉన్నవాళ్లు ఆ ఒక్క సంగతి దగ్గర చాలాసేపు ఆగుతారు, ఆగనివ్వండి.

నాలుగో వారానికి ఒక చిన్న చిట్కా. విలాపవాక్యములు మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల వరసలో కట్టినవి. అక్షరాలు 22, మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి వచనాలు, అంటే 66. అనువాదంలో ఇది కనబడదు కాబట్టి మనం పట్టించుకోం. గుంపుతో అ, ఆ, ఇ, ఈ వరసలో ఒక్కో వాక్యం రాయించండి, ఎనిమిది అక్షరాల వరకు చాలు ("ఋ" దగ్గర నవ్వుతారు, దాటేయండి). అంతు తెలియని దుఃఖానికి అక్షరం ఒక గట్టు కడుతుంది. "ఆశ పుట్టుచున్నది" అన్న 21వ వచనం పుస్తకం నడిమి అధ్యాయంలో వస్తుందని, ఆ తర్వాత ఏడుపు మళ్లీ మొదలవుతుందని కూడా చెప్పండి. ఆశ ఒకసారి పుట్టాక ఇక ఏడవకూడదని ఆ పుస్తకం అనదు.

ఎమ్మాయు దారి:

పైన రాసినవాటితో ఏకీభవిస్తూ, మీ మూడో ప్రశ్నకు మాత్రం జవాబిస్తాను. తరచు గాయం చేసేవి మూడు వచనాలు. మూడూ మంచివే, తీసి వాడే తీరే సమస్య.

రోమా 8:28. "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని పాడె దగ్గర చెప్పే మాట కాదిది. దానికి ముందు 22, 23, 26 వచనాల్లో మూడు మూలుగులున్నాయి: సృష్టి మూలుగుతుంది, మనం మూలుగుతాం, ఆత్మ కూడా మాటల్లో పెట్టలేని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడు. ఆ మూడూ విన్నాకే 28. అందుకే పై వరసలో 27 దగ్గర ఆపడం నాకు నచ్చింది. వాళ్లంతట వాళ్లు 28కి వస్తే రానివ్వండి.

యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాలు అన్న మాట గోడ క్యాలెండర్ల మీద కనిపిస్తుంది, పైన ఉన్న 10వ వచనం కనబడదు. బబులోనులో 70 ఏళ్లు పూర్తయ్యాక అని ఉందందులో. బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. దీన్ని "వచ్చే నెలకు అంతా సర్దుకుంటుంది" అన్న అర్థంలో వాడితే, సర్దుకోనప్పుడు ఆ మనిషి దేవుణ్ణే అబద్ధికుడనుకుంటాడు.

1 కొరింథీ 10:13. "మోయలేనిది దేవుడు పెట్టడు" అంటాం. అక్కడ "శోధన" పాపంలోకి లాగే శోధన, తర్వాతి వచనమే విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మంటోంది. మన వాడుకలో కష్టాలన్నీ శోధనలే కాబట్టి రెండూ కలిసిపోయాయి. అదే పౌలు 2 కొరింథీ 1:8లో, శక్తికి మించిన భారంతో క్రుంగిపోయామని, బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందని రాశాడు. మోయలేకపోతున్నానన్నవారికి ఈ వచనం చూపిస్తే వాళ్ల ముఖంలో తేడా మీకే కనబడుతుంది.

"ఏ పాపం చేశావో" అన్న అనుమానానికి, బాధ పాపానికి శిక్షే అనలేమని యేసు చెప్పిన యోహాను 9:3, లూకా 13:1-5 దగ్గర పెట్టుకోండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. 42:7లో దేవుడు కోప్పడింది వాళ్ల మీద, యోబు మీద కాదు.

నిరీక్షణ అన్న మాట గురించి ఒక్క ముక్క. బయటి తెలుగులో అది ఎదురుచూపు. బైబిలు తెలుగులో ఆశ. యేసు సిలువ మరణం తర్వాత ఎమ్మాయు ఊరి దారిలో నడిచిపోతున్న ఇద్దరు శిష్యులూ "నిరీక్షించియుంటిమి" అంటారు (లూకా 24:21), అంటే ఇప్పుడు లేదని. యేసు ఆ మాటను వెంటనే దిద్దలేదు. ముందు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు, వాళ్ల కథ అంతా వాళ్ల నోటితో చెప్పనిచ్చాడు, తర్వాతే లేఖనాలు తీశాడు. మీరూ ఆ క్రమం తప్పకండి.

గురువారం కూడిక:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో చిక్కుంది. స్వస్థత ప్రార్థన జరిగాక మాత్రలు ఆపేద్దామని ఒకరు అనుకుంటున్నట్టు తెలిసింది. వేసుకుంటే విశ్వాసం లేనట్టట. యాకోబు 5 (రోగి సంఘ పెద్దలను పిలిపించి, నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోవాలన్న భాగం) చూపిస్తున్నారు. ఏమనాలి?

మందులపెట్టె:

ఇది వారం ఆగే విషయం కాదు, ఈరోజే మాట్లాడండి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్లు తిరగబెడతాయి, ఆగకుండా వచ్చే ప్రమాదమూ ఉంది. చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు హఠాత్తుగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ సంగతి చెప్పనక్కర్లేదు. డిప్రెషన్ మందులు కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సినవే. దేవుడు స్వస్థపరిచాడనుకుంటే పరీక్షలో తేలుతుంది, డాక్టరే తగ్గిస్తాడు. పరీక్షకు వెళ్లడం అవిశ్వాసం కాదు. శుద్ధుడైన కుష్ఠరోగిని యేసే వెళ్లి యాజకుడికి కనబరచుకోమన్నాడు (మత్తయి 8:4).

వాక్యంలోంచే చెప్పాలంటే పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". తన తోటివాడు త్రోఫిమును జబ్బుగా ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతిని కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. పక్కన తిరిగిన లూకా వైద్యుడు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ?

యాకోబు 5:14ను వదిలేయమనడం లేదు, సరిగ్గా చేయండి. అక్కడ పిలిపించాల్సింది రోగి. మీరుగా మీద పడకూడదు. ఇద్దరు ముగ్గురు పెద్దలు చాలు, పదిమంది చుట్టూ మూగితే ఊపిరాడదు. తాకేముందు అడగండి, ఒళ్లు నొప్పులున్నవారికి భుజం మీద చెయ్యి కూడా బరువే. "ఏం అడగమంటారు?" అని కనుక్కోండి. స్వస్థత అంటారనుకుంటాం, కొందరు "రేపటి స్కానింగుకు భయం పోవాలి" అంటారు. నుదుటి మీద నూనె చుక్క, ఐదు నిమిషాలు, మామూలు గొంతు. అయ్యాక "ఇప్పుడెలా ఉంది? తగ్గిందా?" అని వెంటనే అడగొద్దు. అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు పాపం ఆ మనిషి "తగ్గింది" అని అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికే తర్వాత మాత్రలు మానేసేది.

ఇంకొకటి. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది కూడికతో మాత్రమే తీరేది కాదు, డాక్టరుకో కౌన్సిలర్‌కో చూపించాలి. "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట వినబడితే నేరుగా అడగండి: "చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ రోజు ఒంటరిగా వదలకండి, దగ్గర్లోని ఆసుపత్రికో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో కలపండి. నిల్వ ఉన్న మాత్రలు ఇంట్లో వేరేవాళ్ల చేతికివ్వండి. రహస్యంగా ఉంచుతానని మాత్రం మాటివ్వకండి.

బదరీ నీడ:

చావడానికి సెలవిమ్మని ప్రవక్త ఏలీయా అడిగితే (1 రాజులు 19) దూత ప్రసంగం చేయలేదు. అప్పం, నీళ్లు, నిద్ర, మళ్లీ అప్పం. దేవుడు ప్రశ్న అడిగింది కొండ దగ్గరికి వెళ్లాకే. మీ గుంపులో రోగిని చూసుకుంటున్న ఆ ఇద్దరికి కావలసింది వాక్యం కన్నా ముందు కూడికకు వచ్చే ఆ రెండు గంటలు రోగి దగ్గర కూర్చునే మనిషి. అది ఏర్పాటు చేయకపోతే మూడో వారానికి రావడం మానేస్తారు, వాళ్లు చల్లబడిపోయారని మనం అనుకుంటాం. నొప్పులున్నవాళ్లకు వీపు ఆనే కుర్చీ వేయండి, లేచి తిరగొచ్చని ముందే చెప్పండి, "ప్రార్థనకు లేచి నిలబడదాం" అనొద్దు.

కోరహు కుమార్తె గారి వరసతో ఒక్కచోట నాకు పేచీ. మూడో వారానికే కీర్తన 88 తొందర. అది "చీకటి" దగ్గరే ఆగిపోతుంది, "నేనైతే" రాదు. మనిషి పోయి నెల కూడా కానివాళ్లు తట్టుకోగలరా?

కోరహు కుమార్తె:

న్యాయమైన పేచీ. అయినా దాన్ని చివరికి నెడితే అప్పటికి అందరూ "నేనైతే" రాయడం నేర్చేసుకుంటారు, రానివాళ్లు తమలోనే ఏదో లోపముందనుకుంటారు. 88 వాళ్లకోసమే ఉంది. అంత చీకట్లోనూ మొదటి వచనంలో "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచే మాట చూపించండి, ఫిర్యాదు చేసేది ఇంకా ఆయన దగ్గరే. నెల కూడా కానివాళ్లుంటే నాలుగుకు జరపండి, అంతకు మించి వద్దు. రోగి దగ్గర కూర్చునే మనిషి, కుర్చీల మాటకు ధన్యవాదాలు, నాకు తట్టలేదు.

ఆ రోజు చదివేవారిని ముందే అడిగి పెట్టుకోండి, కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవారి చేత చదివించొద్దు. అయ్యాక పాట ఎత్తుకోకండి. మన చేతులు ఊరుకోవు, వెంటనే ఏదో స్తుతిపాట మొదలుపెట్టి ఆ చీకటిని కప్పేస్తాం. మూడు నిమిషాలు మౌనం, ఒక్కొక్కరి పేరు పెట్టి ఒక్కో వాక్యం ప్రార్థన, అంతే. మర్నాడు పొద్దున ఎనిమిది మందికీ ఫోన్ చేయాలి. మెసేజ్ సరిపోదు. ఇద్దరు చెరి నలుగురిని పంచుకుంటే అరగంట పని. అడగాల్సింది "రాత్రి నిద్ర పట్టిందా?" అని.